ఎడమ బూటు కుట్టు

జూన్ 18

మావయ్యా,

నేను బాగున్నాను. నాకంటే నా కాళ్లు ఇంకా బాగున్నాయి. ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు, అప్పుడే ఈ ఆఫీసులో అందరూ నా పేరు మర్చిపోయి ‘బూట్లమ్మ’ అంటున్నారు. అంతా నీ చలవే.

పని గురించి అమ్మ నీకు సగమే చెప్పి ఉంటుంది. జలాశయం గట్టు మీద రోజూ ఆరు కిలోమీటర్లు నడవాలి. ఏడు చోట్ల నీటిమట్టం చూసి పుస్తకంలో రాయాలి. గట్టులోంచి ఎక్కడైనా నీరు ఊరుతోందేమో వంగి వంగి వెతకాలి. వినడానికి షికారులాగే ఉంటుంది. కానీ నేను చేరిన రోజు మొదలైన వాన ఇవాళ్టి దాకా ఆగలేదు. తక్కినవాళ్లు రబ్బరు బూట్లు తొడుక్కుని వెళ్లి, సాయంత్రానికి కాళ్లు ఉడికిన దుంపల్లా చేసుకుని వస్తారు. నేను మాత్రం ఉద్యోగం వచ్చిందని నువ్వు కుట్టిచ్చిన తోలు బూట్లలో మహారాణిలా దిగుతాను.

ఆ మహారాణితనమే కొంప ముంచింది. మా సూపర్‌వైజరు గారు ఒకరోజు నా కాళ్ల వంక చూసి, “ఇంత మంచి బూట్లు ఎక్కడ కొన్నావమ్మా?” అని అడిగారు. “కొనలేదు సార్, మా మావయ్య కుట్టాడు. నేను బూట్ల కొట్లోనే పెరిగాను” అన్నాను. పెరిగిన మాట నిజమే. కాకపోతే అక్కడ నేను చేసిందల్లా బల్ల కింద కూర్చుని బొమ్మలకు చెప్పులు కట్టడం, నీ జిగురు డబ్బాలో వేలు పెట్టి తిట్లు తినడం. పాపం ఆయనకేం తెలుసు? “అయితే తోలు సంగతి నీకు క్షుణ్ణంగా తెలుసన్నమాట” అన్నారు. నేను కూడా పెద్దమనిషిలా తలూపాను.

ఇప్పుడు ఆ క్షుణ్ణంగా తెలిసిన మనిషి బూట్లు వేళ్ల దగ్గర మడతపడిన చోట బిరుసెక్కి, తెల్లగా చార్లు కట్టాయి. నిన్న ఎడమకాలి బొటనవేలికి తడి తగిలింది. నూనె రాయాలా, మైనం రాయాలా? ఏది ముందు? ఎంత? కాస్త గుట్టుగా రాసి పంపు. ఆఫీసులో ఎవరైనా ఉత్తరం చూస్తే నా బండారం బయటపడుతుంది.

అత్తను అడిగానని చెప్పు.

నీ మేనకోడలు
(తోలు నిపుణురాలు)


జూన్ 27

తొందరమ్మకు మావయ్య ఆశీస్సులు.

అక్కడ నువ్వు బూట్లమ్మవి కావచ్చు. ఇక్కడ మాత్రం జిగురు ఆరకముందే చెప్పు తొడుక్కునే తొందరమ్మవే. నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించాను. ‘మహారాణి’ అన్నచోట నవ్వి, ‘తడి తగిలింది’ అన్నచోట ముఖం చిన్నబుచ్చుకుంది. “ఎడమ బూటేనా? సరిగ్గా ఏ కుట్టు దగ్గరో అడగండి” అంది. అడుగుతున్నాను.

ఇక శ్రద్ధగా చదువు. ఈ ఉత్తరంతో పాటు చిన్న సీసాలో తోలు నూనె, ఒక మైనం ఉండ పంపుతున్నాను. సీసా నీకు ఏడాది వస్తుంది. ముందు లేసులు తీసెయ్యి. తడిగుడ్డతో బురదంతా తుడువు. కుట్ల మధ్య ఇసుక చేరితే అది రంపంలా దారాన్ని కోస్తుంది, కాబట్టి పాత పళ్ల బ్రష్షుతో అక్కడ తోము. తర్వాత గాలి తగిలేచోట నీడలో ఆరబెట్టు. నిప్పు దగ్గర పెట్టావా, నా మీద ఒట్టే. తోలు కూడా ఒకప్పుడు చర్మమేనమ్మా. మన చర్మం కాలితే ఏమవుతుందో దానికీ అదే అవుతుంది.

పూర్తిగా ఆరాక రెండు బూట్లకూ కలిపి చెంచాడు నూనె చాలు. మెత్తటి గుడ్డకు అద్ది, పల్చగా, తోలు దాహం తీరేదాకా రుద్దు. దాహం తీర్చమన్నాను, ముంచమనలేదు. ఒక రోజంతా వదిలెయ్యి. మర్నాడు మైనం ఉండను వేళ్ల మధ్య నలిపి వెచ్చబెట్టి, కుట్ల వెంబడి, అడుగు తోలు పైతోలును కలిసేచోట అద్దు. నీళ్లు దూరేది అక్కడే. నూనె తోలుకు తిండి, మైనం దానికి గొడుగు.

మన కొట్టుకు వచ్చే బస్సు డ్రైవరు గుర్తున్నాడా? కిందటి నెల తన బూట్లను బట్టల సబ్బుతో ఉతికి తీగ మీద ఆరేసి, “మేస్త్రీ, ఇవి మా పిల్లాడికి సరిపోయేట్టు అయ్యాయి” అని పట్టుకొచ్చాడు. నవ్వలేక చచ్చాను. అయినా నేను ఇతరుల్ని చూసి నవ్వకూడదు. మొన్న నా కళ్లజోడు వెతకడానికి అరగంట కొట్టంతా తలకిందులు చేశాను. అది నా ముక్కు మీదే ఉంది.

నా దస్తూరి నీకు అర్థమవుతుందని ఆశ. గీతల మీద రాస్తున్నాననే అనుకుంటున్నాను.

నీ మేలు కోరే
మావయ్య


జూలై 9

మావయ్యా,

పార్శిల్ అందింది. తుచ తప్పకుండా నువ్వు చెప్పినట్టే చేశాను. నా జీవితంలో ఒక ఉత్తరాన్ని ఇంత భక్తిగా పాటించడం ఇదే మొదలు.

నువ్వు రాసినట్టే చారెడు నూనె పట్టించాను. నాకు ముందు కాస్త ఎక్కువనిపించింది. కానీ ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్నవాడివి, నీకు ఎదురు చెప్పడానికి నేనెవర్ని? రెండు బూట్లకూ కలిపి అన్నావు గానీ, ఎడమదానికి కాస్త ఎక్కువ అవసరమని నా సొంత పరిజ్ఞానం కొంత జోడించి ఇంకో చారెడు పోశాను. సీసా ఏడాది వస్తుందని ఎందుకు రాశావో తెలియలేదు. ఒక్కపూటలో ఖాళీ అయింది. ఇంకో రెండు పంపగలవా?

ఫలితం మాత్రం అద్భుతం. బూట్లు పిల్లి చెవుల్లా మెత్తబడ్డాయి. ఎంత మెత్తగా అంటే, నేను కుడివైపు తిరిగాక కాసేపటికి అవి తిరుగుతున్నాయి. నడిస్తే చప్పుడు కూడా వేరే వస్తోంది. నిన్న కొత్త మనిషి ఒకాయన గట్టు మీద కప్ప ఉందనుకుని చుట్టూ చూశాడు. క్వార్టర్స్‌లో ఉండే రెండు కుక్కలు నాతో స్నేహం కుదుర్చుకున్నాయి. ఆరు కిలోమీటర్లూ నా వెనకే వస్తున్నాయి. నా మంచితనం చూసి అనుకున్నాను. నిన్న కూర్చుని లెక్కల పుస్తకం తీస్తే అవి నా ముఖం వంక కూడా చూడకుండా బూట్లు నాకడం మొదలుపెట్టాయి.

సూపర్‌వైజరు గారు వాసన చూసి, “ఇదేనా అమ్మా అసలు పద్ధతి?” అన్నారు. “అవును సార్, పాతకాలపు పద్ధతి” అన్నాను.

తడి తగిలిన కుట్టు మడమ దగ్గరిది కాదు, వేళ్ల దగ్గరిదని అత్తకు చెప్పు. ఆవిడకెందుకో అంత పట్టింపు!

కుక్కల సహితంగా
నీ మేనకోడలు


జూలై 17

తొందరమ్మా,

నీ ఉత్తరం చదివి మంచినీళ్లు తాగి మళ్లీ చదివాను. ‘చారెడు’ కాదే తల్లీ. చెంచాడు! చెం-చా-డు! ఈసారి పెద్దక్షరాల్లో రాస్తున్నాను చూడు. మీ అత్త ఆ మాటను నాచేత మళ్లీ కాగితం మీద రాయించి చూసి, “ఇది చారెడే. నాక్కూడా చారెడు లాగే ఉంది” అని తీర్పు చెప్పింది. కాబట్టి తప్పు నా దస్తూరిది. ముప్ఫై ఏళ్లు తోలు మీద గీత తప్పకుండా గీసినవాణ్ని, కాగితం మీద ఒక మాట సరిగ్గా రాయలేకపోయాను.

ఆ నూనెలో జంతువుల కొవ్వు కలుస్తుంది. కుక్కల స్నేహం అందుకే. నీ మంచితనం గురించి నాకేం సందేహం లేదులే.

ఇప్పుడు చేయాల్సింది ఒకటే. బూట్లు వేసుకోవడం ఆపు. రబ్బరువి ఎవరిదగ్గరైనా అడిగి తొడుక్కో. వీటిలో పాత పేపర్లు కుక్కి, పైన కూడా పేపరు చుట్టి నీడలో పెట్టు. పూటకోసారి పేపరు మార్చు. కాగితం నూనెను మెల్లగా తాగుతుంది. పది రోజులు పడుతుంది. పది! ఒకటి పక్కన సున్నా. ఎండ వద్దు, పొయ్యి వద్దు, ఇస్త్రీపెట్టె వద్దు. నీ సంగతి నాకు తెలుసు కనుక ఇస్త్రీపెట్టె పేరు కూడా రాశాను.

ఓపిక పట్టు. తోలుతో తొందరపడి గెలిచినవాణ్ని నేను చూడలేదు.

మావయ్య


జూలై 30

మావయ్యా,

ఎక్కువ రాయలేను. మంచం మీదున్నాను. కంగారుపడకు, కాలు విరగలేదు, బెణికింది. శుక్రవారం పొద్దున నీళ్లు వదిలే తూము దగ్గర మెట్లు దిగుతుంటే ఎడమ బూటు అడుగు మడమ దగ్గర నోరు తెరిచింది. కాలు మెలిపడి నాలుగు మెట్లు కూర్చున్నట్టే జారాను. చీలమండ గుమ్మడికాయంత అయింది. ఆ రోజు మూడు చోట్ల నీటిమట్టం నమోదు కాలేదు. పైనుంచి అడిగారట, సూపర్‌వైజరు గారు కాగితం తెచ్చి కారణం రాయమన్నారు. బూటు కుట్టు వదిలిందని రాసిచ్చాను.

నువ్వేం బాధపడకు. ఎంత మంచి చెయ్యైనా వయసుతో పాటు కొంచెం పట్టు తప్పుతుంది. అది ఎవరి తప్పూ కాదు. అమ్మకు మాత్రం పడ్డానని చెప్పకు.

నీ మేనకోడలు


ఆగస్టు 8

చిరంజీవికి,

కాలు ఎలా ఉంది? కట్టు వదులుగా ఉంచుకో. ఎత్తు మీద పెట్టుకుని పడుకో.

నువ్వు రాసింది నిజం. పట్టు తప్పింది. మెట్ల మీద నీకేమైనా అయి ఉంటే నేను మీ అమ్మకు ముఖం చూపించలేకపోయేవాణ్ని. కొట్టు మూసేశాను. చేతిలో ఉన్న మూడు జతలూ తోలుతో సహా వెనక్కిచ్చేశాను. నా చెయ్యి ఆడటం లేదు, వేరేచోట చేయించుకోండి అని చెప్పాను. డ్రైవరు గుమ్మం దాటుతూ వెనకగది వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

మీ అత్త నాలుగు రోజులుగా సరిగ్గా మాట్లాడటం లేదు. తోలుకు బెజ్జం పొడిచే ఆరె, సూదులు, దారపు ఉండలు అన్నీ ఒక గుడ్డలో మూటగట్టి అటక మీద పెట్టేసింది. నేను పెట్టమనలేదు.

వీలైతే ఆ ఎడమ బూటు పంపు. ఎక్కడ వదిలిందో ఒకసారి చూడాలి.

మావయ్య


ఆగస్టు 19

మావయ్యా,

నీ ఉత్తరం నా చేతికొచ్చి ఐదు రోజులైంది. జవాబు రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. ఇది ఐదోది. దీన్ని చింపకముందే అసలు మాట రాసేస్తాను. బూటును హీటరు దగ్గర పెట్టాను.

ఇస్త్రీపెట్టె వద్దన్నావు. పొయ్యి వద్దన్నావు. హీటరు వద్దని నువ్వు రాయలేదని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, వాదన బాగా కుదిరింది. పేపర్లు కుక్కి రెండు రోజులు ఓపిక పట్టాను. రెండు రోజులు నా లెక్కలో పదితో సమానం. రబ్బరు బూట్లు వేసుకుని వెళ్తే అందరూ “ఏమైంది బూట్లమ్మా?” అని అడుగుతున్నారు. అది భరించలేక మూడో రోజు ఆఫీసు గదిలో, తడిసిన పుస్తకాలు ఆరబెట్టడానికి ఉంచిన హీటరు పెట్టి, దాని ముందు బూట్లను పొట్టేళ్లలా ఎదురెదురుగా నిలబెట్టి, టీ తాగడానికి వెళ్లాను. ఎడమది హీటరుకు మరీ ఆనుకుని ఉంది. తిరిగొచ్చేసరికి నూనె ఆవిరై గదంతా పొగ. మడమ దగ్గర తోలు నల్లబడి అప్పడంలా ముడుచుకుంది. దాని మీద నల్లపాలిష్ రాసి మర్నాడు తొడుక్కున్నాను. వారం తిరక్కుండా మెట్ల దగ్గర పడ్డాను.

పడ్డాక చుట్టూ జనం. “ఏమైంది, ఏమైంది?” అంటే, నోట్లోంచి ‘కుట్టు వదిలింది’ అని వచ్చేసింది. ‘నేను కాల్చాను’ అనడానికి రెండే మాటలు కావాలి. అవి రాలేదు. తర్వాత కాగితం మీద రాయాల్సి వచ్చినప్పుడూ అదే రాశాను. నీకూ అదే రాశాను. పైగా నీ వయసు గురించి ఓదార్పు కూడా చెప్పాను. ఆ వాక్యం గుర్తొచ్చినప్పుడల్లా దుప్పటి ముసుగేసుకుంటున్నాను.

నువ్వు కొట్టు మూసేశావని చదివాక నాకు ముద్ద దిగలేదు. నిన్న కుంటుకుంటూ సూపర్‌వైజరు గారి దగ్గరికి వెళ్లాను. “సార్, నాకు తోలు గురించి ఏమీ తెలియదు. బూటు నేనే కాల్చాను. ఆ కాగితం వెనక్కివ్వండి, మళ్లీ రాస్తాను” అన్నాను. ఆయన అద్దాలు తీసి, “గదిలో పొగ ఎక్కడిదా అని మూడు వారాలుగా ఎలక్ట్రీషియన్‌ని తిప్పుతున్నానమ్మా” అన్నారు. తిట్టారు కూడా. నేను తినాల్సినవే. కొత్త కాగితం ఆయన ముందే రాసిచ్చాను.

రెండు బూట్లూ పంపుతున్నాను. పాలిష్ తుడిచేశాను, మచ్చ కనబడుతుంది. కొట్టు తెరువు మావయ్యా. నీ చేతిలో లోపం లేదు.

ముఖం చెల్లని
నీ తొందరమ్మ


సెప్టెంబరు 2

తొందరమ్మకు,

నీ ఉత్తరం, బూట్లు ఒకేరోజు వచ్చాయి. నేను కళ్లజోడు వెతుక్కునేలోపు మీ అత్త పార్శిల్ విప్పి, ఎడమ బూటు తీసి, మడమ మీద బొటనవేలు ఒక్కసారి పోనిచ్చింది. “ఇది కాలిందండీ. దారం ఎక్కడా తెగలేదు. తోలు పెళుసెక్కి కుట్టు పక్కన చిరిగింది. చూడండి, కుట్లు పదహారూ అలాగే ఉన్నాయి” అంది. చూశాను. అంటే, చూసినట్టు తలూపాను. నాకు కనబడితే కదా!

అదే నీకు చెప్పాల్సింది. నువ్వు ఐదో కాగితం మీద నిజం రాశావు. నేను మూడేళ్లుగా ఒక్క కాగితం మీదా రాయలేదు. ఆ కుట్లు నావి కావు. మీ అత్తవి.

నా చూపు తగ్గడం మొదలైనప్పుడు ఆవిడ సూదికి దారం ఎక్కించి ఇచ్చేది. తర్వాత కష్టమైన మలుపు దగ్గర ఒకట్రెండు కుట్లు వేసేది. తర్వాత ఒక బూటు, తర్వాత జత. నేను తోలు కోసి, నూనె పట్టించి, జనంతో మాట్లాడేవాణ్ని. ఎవరైనా “మేస్త్రీ, మీ కుట్టు ఇంకా ఇంకా సన్నబడుతోందే!” అంటే మీసం దువ్వుకునేవాణ్ని. ఆవిడ వెనకగదిలో కూర్చుని అదంతా వినేది. ఒక్కరోజూ ఒక్క మాట అనలేదు. అనకపోతే ఆవిడకు పట్టింపు లేదనుకున్నాను. చూపు తగ్గింది కళ్లకే అనుకున్నాను, అదీ నా తెలివి.

నీకు ఉద్యోగం వచ్చినప్పుడు ఆ బూట్లు మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా ఆవిడే వేసింది. “పిల్ల నీళ్లలో నడుస్తుంది” అని ఒకటికి రెండుసార్లు దారానికి మైనం పట్టించింది. నువ్వు పడ్డావని రాసిన రోజు, నీ కాలు విరగ్గొట్టినంత పని చేశాననుకుని ఆవిడ సామానంతా మూటగట్టింది. నేనేం చేశాను? ‘నా చెయ్యి ఆడటం లేదు’ అని ఊరంతా చెప్పి కొట్టు మూశాను. నింద నా మీద వేసుకుని గొప్ప త్యాగం చేశాననుకున్నాను. నింద వేసుకున్నా, మెప్పు వేసుకున్నా, ఆవిడ పని నాదని చెప్పడమే కదా! ఆ సంగతి నాకు నీ ఉత్తరం చదివేదాకా తట్టలేదు.

నీ ఉత్తరం పైకి చదివి వినిపించాను. హీటరు ముక్క దగ్గరికి రాగానే “మళ్లీ చదవండి” అంది. చదివాను. “ఇంకోసారి” అంది. మూడోసారి చదువుతుంటే తలెత్తి చూశాను. కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. “పొట్టేళ్లలా నిలబెట్టిందట!” అంది. తర్వాత తనే స్టూలు వేసుకుని అటక మీది మూట దింపింది.

మర్నాడు నేను సిగ్గు విడిచి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాను. ముందు డ్రైవరు. “బాబూ, మూడేళ్లుగా నీ బూట్లు కుడుతున్నది నేను కాదు, మా ఆవిడ” అన్నాను. అతను నా భుజం మీద చెయ్యేసి, “మాకు తెలుసు మేస్త్రీ. వెనకగదిలో సుత్తి చప్పుడు వినబడుతుంటే, మీరు ముందు గదిలో మాతో కబుర్లు చెబుతుంటారు కదా. మీరు నొచ్చుకుంటారని ఎవరం అనలేదు” అన్నాడు. అందరూ అదే మాట! ఈ ఊళ్లో ఇది రహస్యమనుకున్నవాణ్ని నేనొక్కణ్నే.

కొట్టు తెరిచాం. మూడు జతలూ తిరిగొచ్చాయి. ఇప్పుడు బల్ల ముందు గదిలో, కిటికీ పక్కన వేశాం. ఆవిడ అక్కడ కూర్చుంటుంది. నీ ఎడమ బూటుకు మడమ భాగం కొత్త తోలు వేస్తోంది. అయ్యాక పంపుతాను.

సిగ్గుపడడం కాస్త ఆలస్యంగా నేర్చుకున్న
మీ మావయ్య


సెప్టెంబరు 16

మావయ్యా,

బూట్లు పార్శిల్లో వస్తాయని రోజూ పోస్టుమన్‌కి ఎదురెళ్తుంటే, నిన్న మధ్యాహ్నం అవి అత్త చేతిసంచిలో వచ్చాయి. రెండు బస్సులు మారి, దారి అడుక్కుంటూ, నేరుగా ఆఫీసు వరండాలోకి వచ్చేసింది. ఒక్క ముక్క ముందు చెప్పకూడదా? నేను రబ్బరు బూట్లలో బాతులా నడుస్తూ ఎదురుపడ్డాను. ఆవిడ నా ముఖం చూడలేదు. ముందు కూర్చోబెట్టి, చీలమండ నొక్కి చూసి, “వాపు పోయింది” అని అప్పుడు చూసింది. నేను ఏడ్చాను. ఏడుస్తూ క్షమించమని అడగబోతే, “ఊరుకో. తోలు తడుస్తుంది” అంది.

తర్వాత వరండాలోనే చాప వేసుకుని కూర్చుంది. ఎడమ బూటు మడమకు వేసిన కొత్త తోలు పాతదానికంటే కాస్త లేతరంగులో ఉంది. “రంగు కలిసేదాకా ఏడాది పడుతుంది. దీనికి కూడా హీటరు పెట్టకు” అంది. అందరూ చుట్టూ చేరారు. ఆవిడ మైనం ఉండ నలిపి, బొటనవేలితో కుట్టు వెంబడి రుద్దుతూ పోయింది. తర్వాత బకెట్ తెప్పించి, దానిలో బూటు మడమదాకా ముంచి కూర్చుంది. పావుగంట ఎవరూ కదల్లేదు. తీసి, లోపల చెయ్యి పెట్టి, నన్నూ పెట్టమంది. పొడిగా ఉంది. మా వాళ్లంతా వరసగా చెయ్యి పెట్టి చూశారు. సూపర్‌వైజరు గారు రెండుసార్లు పెట్టారు.

ఆయన నిజంగా ముచ్చటపడి, “ఎంత పనితనం! మేస్త్రిగారు కూడా వచ్చి ఉంటే బాగుండేదమ్మా” అన్నారు.

అత్త తలెత్తలేదు. లేసు ఎక్కిస్తూనే, “వచ్చింది కదండీ” అంది.

ఆయనకు ఒక క్షణం పట్టింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని, బూట్లూ మేజోళ్లూ విప్పి, “అయితే నా కాలు కొలవండి మేస్త్రిగారూ” అని పాదం కాగితం మీద పెట్టారు. మేజోడుకు పెద్ద చిల్లు. ఆయన పట్టించుకోలేదు. ఆయన వెనక ఎనిమిది మంది నిలబడ్డారు. అత్త ఒక్కొక్కరి పాదం చుట్టూ పెన్సిలుతో గీసి, ఏ వేలు ఎటు ఒరిగిందో పక్కన రాసుకుంది. నేను కాగితాలు అందించాను. ఆ పనైనా సరిగ్గా చేశాననుకుంటాను.

ఆవిడ వచ్చేవారం గురువారం సాయంత్రం బస్సుకు వస్తుంది. ఎదురు రావద్దని నీకు చెప్పమంది. నువ్వు మాత్రం వెళ్లు.

మీ ఇద్దరి
మేనకోడలు